నీడలో ఆరబెట్టమనేది ఎందుకు? వెలుతురు, మట్టిలోని బ్యాక్టీరియా

కందులకో వేరుశనగకో రైజోబియం (వేర్లలో బుడిపెలు కట్టి మొక్కకు నత్రజని అందించే బ్యాక్టీరియా) పట్టించడం చూసినవాళ్ళకు ఈ దృశ్యం తెలిసిందే. బెల్లం నీళ్ళు కాచి చల్లార్చుతారు. 200 గ్రాముల పొట్లంలోని నల్లటి పొడి అందులో కలుపుతారు. ఎనిమిది పది కిలోల విత్తనాలను గోనెపట్టా మీద పోసి, గింజగింజకూ మసి పూసినట్టు అయ్యేదాకా చేత్తో మెల్లగా పొర్లిస్తారు. ఆ తర్వాత ఏ ఊళ్ళోనైనా వినిపించే మాట ఒకటే: నీడలో ఆరబెట్టాలి. ఎండలో పోస్తే త్వరగా ఆరిపోతాయన్నది అందరికీ తెలుసు. అయినా ససేమిరా వద్దంటారు.

ఎందుకు వద్దు? ‘ఎండకు బ్యాక్టీరియా చచ్చిపోతుంది’ అన్నది మామూలుగా వచ్చే జవాబు. అది తప్పు కాదు గానీ సగం జవాబే. తెలుగులో ‘ఎండ’ అనే ఒక్క మాటలో మూడు సంగతులు ఇమిడి ఉన్నాయి: వేడి, వెలుతురు, ఆరిపోవడం. ఎండలో పెట్టినది ఎండుతుందని మన భాషే చెబుతోంది. రోజువారీ పనులకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు. మట్టిలో బ్యాక్టీరియా పెరుగుదలకు వెలుతురు ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం ఈ మూడింటినీ విడదీయక తప్పదు. విడదీసి చూస్తే వెలుతురు వాటా అనుకున్న చోట కనబడదు, అనుకోని చోట కనబడుతుంది.

ముందుగా తేల్చుకోవలసింది లోతు. వెలుతురు మట్టిలోకి ఎంతో దూరం పోదు. మామూలు నేలల్లో పైనుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటేసరికే పడిన వెలుతురులో నూటికి ఒక వంతు మిగలడం కష్టం. ఇసుకపాలు ఎక్కువున్న దుబ్బ నేలల్లో రేణువుల గుండా, వాటి సందుల గుండా ఇంకాస్త లోపలికి దిగుతుంది. బంకమట్టిలో అంత కూడా దిగదు. రంగును బట్టి కూడా తేడా ఉంటుంది. ఎర్ర చల్కా నేలకు ఆ ఎరుపునిచ్చేది ఇనుప ఆక్సైడ్లు. అవి నీలి కాంతినీ అతినీలలోహిత కిరణాలనూ పైపొరలోనే మింగేస్తాయి. ఎరుపు, దాని అవతలి పరారుణ కాంతి కొంచెం లోతుకు చేరతాయి. అంటే నేల లోపలికి దిగేకొద్దీ వెలుతురు తగ్గడమే కాదు, దాని రంగు కూడా మారుతూ పోతుంది. పైన తెల్లటి ఎండ ఉన్న చోటే ఒక మిల్లీమీటరు కింద ఉన్న బ్యాక్టీరియాకు అందేది మసక ఎరుపు.

ఒకటి రెండు మిల్లీమీటర్లంటే మనకు లెక్కలోది కాదు. బ్యాక్టీరియా పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు. దాని కొలతలో అది చాలా దూరం. పైగా ఒక బంకమట్టి రేణువు చాటున ఉన్నా దానికి పూర్తి నీడ దొరికినట్టే. గ్రాము మట్టిలో కోట్లాదిగా ఉండే ఈ జీవుల్లో చాలా వాటికి జీవితంలో ఒక్కసారైనా వెలుతురు తగలదు. 2013లో బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం దీన్ని చక్కగా చూపించింది. ఒకే మట్టిని కొంత వెలుతురు–చీకటి చక్రంలో, కొంత పూర్తి చీకట్లో ఉంచి, పైన మూడు మిల్లీమీటర్ల పొరను, దాని కిందిదాన్ని విడివిడిగా పరీక్షించారు. పైపొరలో బ్యాక్టీరియా, శిలీంధ్రాలు, నాచుల కూర్పు వెలుతురు వల్ల స్పష్టంగా మారింది. కింది పొరలో అలాంటి మార్పు కనబడలేదు. మట్టి బ్యాక్టీరియా మీద వెలుతురు ప్రభావం గురించి చెప్పేదంతా నేలకున్న ఈ పలుచని చర్మం గురించేనని గుర్తుంచుకోవాలి. అయితే వాన చినుకు పడేదీ, విత్తనం మొలిచి తల బయటపెట్టేదీ, యూరియా చల్లితే పడేదీ ఈ చర్మం మీదే. అందుకే అది చిన్న విషయం కాదు.

వెలుతురు బ్యాక్టీరియాను చంపగలదని మొదట ప్రయోగంతో చూపించినవాళ్ళు ఇంగ్లండులోని ఆర్థర్ డౌన్స్, థామస్ బ్లంట్. అది 1877. సూక్ష్మజీవులు పెరిగే ద్రావణాన్ని గాజు గొట్టాల్లో పోసి కొన్నిటిని ఎండలో, కొన్నిటిని కప్పి ఉంచారు. ఎండ తగిలినవి తేటగా ఉండిపోయాయి, కప్పినవి మురిగాయి. రంగుల్లో నీలం, ఊదా వైపు కిరణాలకే ఈ శక్తి ఎక్కువని కూడా గమనించారు. దానికి కారణం తర్వాతి కాలంలో బోధపడింది. 260 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గరి అతినీలలోహిత కిరణాలను డీఎన్ఏ బాగా పీల్చుకుంటుంది. అప్పుడు దాని పోగులో పక్కపక్కనున్న రెండు థైమిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. జిప్‌లో రెండు పళ్ళు కలిసిపోతే ఎలా ఆగిపోతుందో, అక్కడ డీఎన్ఏ నకలు తీసే పని అలా ఆగిపోతుంది. సూర్యుడి నుంచి వచ్చే అతి తీవ్రమైన ఈ కిరణాలను ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది. నేలకు చేరేది 280–315 నానోమీటర్ల మధ్యనున్న వాటిలో కొద్ది భాగం, 315–400 మధ్యవి ఎక్కువ భాగం. ఆ కొద్ది భాగమే డీఎన్ఏను గాయపరచడానికి చాలు. మిగతావి, నీలి కాంతితో కలిసి మరోలా పనిచేస్తాయి. కణంలోని పార్ఫిరిన్లు, ఫ్లావిన్లు అనే పదార్థాలు ఆ కాంతిని పీల్చి ఆక్సిజన్‌ను ఉగ్రరూపంలోకి మారుస్తాయి. ఆ ఆక్సిజన్ కణం పొరలను కొరికేస్తుంది.

ఇక్కడితో ఆగితే వెలుతురు శత్రువని తేలిపోయేది. కానీ 1940ల చివర్లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ కెల్నర్‌కు ఎదురైన చిక్కు ఈ కథను తిరగేసింది. ఆయన చేతిలో ఉన్నది మట్టి బ్యాక్టీరియానే: స్ట్రెప్టోమైసిస్ గ్రిసియస్. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో దీని నుంచే తీశారు. కొత్త రకాల కోసం కెల్నర్ దాని సిద్ధబీజాల (స్పోర్ల) మీద అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి, ఎన్ని బతికాయో లెక్కబెట్టేవాడు. లెక్క కుదిరేది కాదు. అంతే మోతాదు, అదే బ్యాక్టీరియా. ఒకసారి దాదాపు అన్నీ చచ్చేవి, ఇంకోసారి బోలెడు బతికేవి. కిరణాలు పడ్డాక ఉంచే ఉష్ణోగ్రతలో తేడా వల్ల కాబోలు అనుకుని దాన్ని సరిచేశాడు. అయినా అంతే. చివరికి కనిపించిందేమిటంటే, సీసాలు ఉంచిన గాజు నీటితొట్టి కిటికీ దగ్గర ఉంది. పగటి వెలుతురు ఎక్కువ తగిలిన సీసాలోవే బతుకుతున్నాయి! చీకట్లో ఉంచినవాటితో పోలిస్తే, కిరణాల దెబ్బ తిన్నాక మామూలు వెలుతురు చూపించినవి లక్ష రెట్లకు మించి కోలుకున్నాయి.

అతుక్కుపోయిన థైమిన్లను విడదీసే ఎంజైమ్ ఒకటుంది, పేరు ఫోటోలయేజ్. దానికి ఆ పని చేసే శక్తినిచ్చేది నీలి కాంతే. గాయం చేసే కిరణాలు, మాన్పే కిరణాలు ఒకే సూర్యుడి నుంచి ఒకేసారి దిగుతాయి. ఒకటి 300 దగ్గర, ఇంకొకటి 400 దగ్గర, మధ్యలో వంద నానోమీటర్ల ఎడం అంతే. డీఎన్ఏ మరమ్మతు మీద పరిశోధనకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్న అజీజ్ సంజార్ తన పరిశోధన మొదలుపెట్టింది ఈ ఫోటోలయేజ్‌తోనే. తెలుగువాళ్ళకు ఈ బ్యాక్టీరియా కుటుంబంతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల సంస్థ లెడర్లీలో పరిశోధనలకు సారథిగా ఉన్నప్పుడు అక్కడ బయటపడ్డ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి నుంచి వచ్చిందే.

బ్యాక్టీరియా గాయం తగిలాక మాన్పుకోవడంతో సరిపెట్టుకోదు, ముందే జాగ్రత్తపడుతుంది. అందుకు దానికి వెలుతురు పడిందని తెలియాలి. కళ్ళు లేని జీవికి ఎలా తెలుస్తుంది? విటమిన్లతో. ఇది అక్షరాలా నిజం. మట్టిలో విరివిగా ఉండే బాసిల్లస్ సబ్టిలిస్‌లో వైటీవీఏ అనే ప్రోటీన్ ఉంది. దాని నడుమ బి2 విటమిన్ నుంచి తయారైన ఫ్లావిన్ కూర్చుని ఉంటుంది. నీలి కాంతి పడగానే ఆ ఫ్లావిన్ పక్కనున్న ప్రోటీనుకు బిగుసుకుంటుంది. ఆ కదలిక కణమంతా పాకి, కష్టకాలపు ఏర్పాట్లను నడిపే జన్యువులను మేల్కొలుపుతుంది. మిక్సోకాకస్ జాన్థస్ అనే మరో మట్టి బ్యాక్టీరియా బి12ను వాడుకుంటుంది. చీకట్లో దాని కాపలా ప్రోటీన్లు నాలుగేసి జట్టుకట్టి, రంగు తయారీ జన్యువుల మీద మూతలా కూర్చుంటాయి. వాటిని జట్టుగా పట్టి ఉంచేది బి12. వెలుతురు తగిలితే బి12లో కోబాల్టుకూ కార్బన్‌కూ మధ్య బంధం తెగుతుంది, జట్టు విడిపోతుంది, మూత లేస్తుంది. క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటినాయిడ్ల వంటివే అక్కడ తయారై, ఉగ్ర ఆక్సిజన్‌ను చల్లార్చుతాయి. ఎండ తగిలే నేల నుంచి తీసిన బ్యాక్టీరియాను గాజు పళ్ళెంలో పెంచితే పసుపు, నారింజ, గులాబీ రంగు చుక్కలు తరచుగా కనబడేది ఇందుకే.

బాసిల్లస్ విషయంలో ఇంకో వింత 2021లో బయటపడింది. కిరణజన్య సంయోగక్రియ చేసుకోలేని ఈ బ్యాక్టీరియాలోనూ ఇరవై నాలుగు గంటల లోపలి గడియారం ఉందని, వెలుతురు–చీకటి చక్రానికి అది తన వేళలు సరిచేసుకుంటుందని యూరప్ పరిశోధకులు చూపించారు. వెలుతురును తిండిగా వాడుకోని జీవికి పగలూ రాత్రీ తెలియడం వల్ల లాభమేమిటి? వెలుతురుతో పాటు వేడి, ఆరుదల కూడా వస్తాయన్నది దానికి లెక్కలోకి వచ్చే సంగతి అయి ఉండాలి. బ్యాక్టీరియాకు వెలుతురు ఒక కబురు: ‘నువ్విప్పుడు నేల పైన ఉన్నావు.’ ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. మట్టి బ్యాక్టీరియాలో అధిక భాగానికి వెలుతురు ఆహారమూ కాదు, వట్టి విషమూ కాదు. తాము ఎక్కడున్నదీ వాటికి తెలిపే సూచన.

రైజోబియం పొట్లం దగ్గరికి మళ్ళీ వస్తే, ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. బఠాణీ వేర్లలో బుడిపెలు కట్టే రైజోబియం లెగ్యుమినోసారమ్ మీద 2012లో ఒక పరిశోధన వెలువడింది. ఈ బ్యాక్టీరియాలోనూ నీలి కాంతిని పసిగట్టే ప్రోటీన్ ఉంది. మొక్క వేర్లకు పట్టించే ముందు బ్యాక్టీరియా ద్రావణానికి వెలుతురు చూపిస్తే, చీకట్లో పెంచిన దానికన్నా మొక్కకు ఎక్కువ బుడిపెలు వచ్చాయి. ఆ ప్రోటీన్ జన్యువును తీసేస్తే తేడా మాయమైంది. అంటే ఇది వేడి వల్లనో మరోదాని వల్లనో కాదు, వెలుతురు పనే. ఒక పక్క పొట్లం మీద ‘నీడలో ఆరబెట్టండి’ అని ఉంటుంది, ఇంకో పక్క ప్రయోగశాల ‘వెలుతురు చూపిస్తే మేలు’ అంటోంది.

రెండూ నిజమే. ప్రయోగశాలలో బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతోంది, చల్లగా ఉంది, తగిలింది మెత్తటి దీపకాంతి. వాకిట్లో గోనెపట్టా మీద అదే జీవి బెల్లం పూత పలుచని పొరలో గింజకు అంటుకుని ఉంది. దానికి తలదాచుకునే లోతు లేదు. జూన్ ఎండలో ఆ పొర నిమిషాల్లో ఆరిపోతుంది, గింజ వేడెక్కుతుంది, అతినీలలోహిత కిరణాలు నేరుగా తగులుతాయి. మరమ్మతు చేసుకోవడానికి కణంలో నీరుండాలి. ఆరిపోయిన కణం వెలుతురు చేసిన గాయాన్ని వెలుతురుతో మాన్పుకోలేదు. మూడు దెబ్బలూ ఒకేసారి పడితే ఒక్కొక్కటి చేసే నష్టాన్ని కూడితే వచ్చేదానికన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది. బఠాణీ రైజోబియం మీద వచ్చిన ఫలితాన్ని వేరుశనగ, కంది వేర్లలో ఉండే జాతులకు అలాగే అంటగట్టడం కూడా తగదు. అవి వేరే జాతులు.

నత్రజనిని మార్చే మరో గుంపు, అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే నైట్రోసోమొనాస్, నైట్రోబాక్టర్ల వంటివి, వెలుతురును బొత్తిగా ఓర్చుకోలేవు. ప్రయోగశాలల్లో వీటి సీసాలను చీకట్లో దాచి పెంచడం మామూలే.

ఇక వెలుతురునే తిని బతికేవాటి సంగతి. వరి పండించే చోట వీటిని చూడటానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. నాట్లేసిన పది పదిహేను రోజులకు మడిలో నీళ్ళ అడుగున పచ్చగా, నల్లపచ్చగా పాచి పడుతుంది. మధ్యాహ్నానికి అందులో బుడగలు చేరి, అట్టలు అట్టలుగా పైకి తేలుతుంది. ఆ బుడగలు ఆక్సిజన్. ఆ పాచిలో చాలా భాగం నీలి ఆకుపచ్చ నాచు. నాచు అంటున్నాం గానీ అవి బ్యాక్టీరియానే. వరి మళ్ళలో గాలిలోని నత్రజనిని స్థిరపరచేది ఇవేనని పి. కె. డే 1939లో చూపించాడు. ఏడాదికేడాది ఎరువు వేయకపోయినా వరి ఎంతో కొంత పండుతూ ఉండటానికి ఇది ఒక పెద్ద కారణం. 1950లో ఆర్. ఎన్. సింగ్ ఉత్తరప్రదేశ్‌లోని చవుడు నేలల్ని వీటితో బాగుచేయవచ్చని రాశాడు. పిలకలు తొడిగి వరి గుబురుగా కమ్ముకునేసరికి నీళ్ళ మీద పడే వెలుతురు తగ్గుతుంది, పాచి జోరూ తగ్గుతుంది. పైరు నీడే వీటి పెరుగుదలకు పగ్గం.

ఈ పాచి వల్ల కలిగే నష్టం గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. పగటిపూట ఎండలో నాచు నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది. దాంతో మడి నీళ్ళ క్షారగుణం పెరిగి, మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటడమూ ఉంటుంది. అదే సమయంలో నీళ్ళలో చల్లిన యూరియా ఉంటే, దాని నుంచి పుట్టిన అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. రాత్రికి పీహెచ్ మళ్ళీ దిగుతుంది. యూరియాను నీళ్ళ మీద చల్లడం కన్నా బురదలోకి దించడం మేలని వ్యవసాయ శాస్త్రవేత్తలు పదే పదే చెప్పడం వెనుక ఈ కారణం కూడా ఉంది. సంచి యూరియా ధర కట్టే రైతుకు వెలుతురు–బ్యాక్టీరియా సంబంధం పాఠ్యపుస్తకం సంగతి కాదు.

వెలుతురును తినే బ్యాక్టీరియా వేర్లను వదిలి కాండానికి ఎక్కిన ఉదాహరణ కూడా ఉంది. చెరువుల అంచున, మళ్ళలో పెరిగే నీటి జీలుగ జాతి మొక్కల కాండం మీద ఆకుపచ్చటి బుడిపెలు కడతాయి. ఈ జాతిలోని మొక్క నుంచే తేలికైన జీలుగుబెండు వస్తుంది. కాండపు బుడిపెల్లో ఉండే బ్రాడీరైజోబియం రకాలు కొన్ని వెలుతురుతో శక్తి తయారు చేసుకుంటూ, ఆ మొక్కకు నత్రజని అందిస్తాయి. వేరు బుడిపెలో ఉంటే ఆ వీలుండేది కాదు. వరదనీళ్ళలో మునిగి వేర్లకు గాలి ఆడని మొక్కకు నీటిమట్టానికి పైనున్న ఈ బుడిపెలు ఎంత అక్కరకొస్తాయో ఊహించవచ్చు.

ఇంత చెప్పాక వేసవి దుక్కుల మాట ఎత్తక తప్పదు. ‘దున్ని ఎండకు వదిలేస్తే భూమిలో తెగులు క్రిములు చస్తాయి’ అంటారు. దున్నిన పెళ్ళల పైపొరలో వెలుతురు పనిచేస్తుంది, నిజమే. అంతకన్నా లోతున పనిచేసేది మే నెల వేడి, ఆరుదల. మన ప్రాంతంలో ఎండలో బోసినేల పైభాగం 60 డిగ్రీల దాకా కాగుతుంది. ఈ వేడిని లోపలికి దింపే ఉపాయమే భూమిని సూర్యరశ్మితో శుద్ధి చేసే పద్ధతి. 1976లో ఇజ్రాయెల్‌లో జాకబ్ కటాన్ బృందం దీన్ని ప్రచురించింది. పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిసాట్‌లో 1980ల్లో కంది, శనగ ఎండుతెగులు మీద దీన్ని పరీక్షించారు. నేల తడిపి, పారదర్శకమైన పాలిథీన్ పట్టా పరిచి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచుతారు. నల్ల పట్టా ఎందుకు కాదని చాలామంది అడుగుతారు. నల్లది తానే కాగుతుంది. పారదర్శకమైనది వెలుతురును నేలదాకా పోనిచ్చి, నేలనే కాచి, ఆ వేడిని బయటికి పోకుండా ఆపుతుంది. వెలుతురు ఇక్కడ వేడిని మోసుకొచ్చే బండి మాత్రమే. వేడికి తట్టుకునే బాసిల్లస్ సిద్ధబీజాలు దీన్ని దాటుకుని మిగిలి, తర్వాత ఖాళీ అయిన చోటును ఆక్రమిస్తాయి. రైజోబియం వంటివి తగ్గుతాయి కనుక ఆ తర్వాత పప్పుధాన్యాలు వేస్తే విత్తనానికి మళ్ళీ పట్టించడం మంచిది.

బడిపిల్లలు ఈ అంశం మీద చేసే ప్రయోగాల్లో సాధారణంగా జరిగే పొరపాటు కూడా వేడినీ వెలుతురునూ కలిపేయడమే. మట్టి కలిపిన నీటి చుక్కను రెండు పళ్ళేల్లో పరిచి, ఒకటి కిటికీలో, ఒకటి అల్మారాలో పెడతారు. కిటికీలోది తక్కువ పెరిగితే ‘వెలుతురు పెరుగుదలను ఆపింది’ అని రాసేస్తారు. మూత పెట్టిన పళ్ళెం ఎండలో లోపల ఉడికిపోతుందన్నది లెక్కలోకి రాదు. కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో బలమైనవాటిని ఆపేస్తుందన్నదీ రాదు. కాంతి పడితే పోషక పదార్థంలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి బ్యాక్టీరియాను చంపగలదన్నదీ రాదు. రెండు పళ్ళేలనూ ఒకే కిటికీలో, ఒకదానికి నల్ల కాగితం కాక వెండిరంగు రేకు చుట్టి, పక్కన ఉష్ణమాపకం పెట్టి, నేరుగా ఎండ పడని ఉత్తరపు కిటికీ ఎంచుకుంటే ఫలితం నమ్మదగ్గది అవుతుంది. నీలం, ఎరుపు పారదర్శక కాగితాలు కప్పిన మరో రెండు పళ్ళేలు చేరిస్తే ఇంకా మంచిది. రంగు చుక్కలు ఏ పళ్ళెంలో ఎక్కువ వచ్చాయో కూడా రాసుకోవాలి. సంఖ్య కన్నా అదే ఎక్కువ చెప్పవచ్చు.

విత్తనాల సంగతి చూస్తే, వసారాలో పలుచగా పరిచిన గింజలు కాసేపటికి చేతికి అంటకుండా ఆరతాయి. అదే రోజు, వీలైతే ఎండ తగ్గాక, తేమ ఉన్న నేలలో ఐదు సెంటీమీటర్ల లోతున వేస్తారు. వెలుతురు చేరే పొరకు అది ఎన్నో రెట్లు కింద. నీడ అవసరం ఆ లోతుకు చేరేదాకానే.